మాస్క్ తేలేదు, కోప్పడకు

డర్బన్,
దక్షిణాఫ్రికా, ఆదివారం రాత్రి

బుజ్జీ,

ముందే చెప్పేస్తున్నాను, నువ్వడిగిన ఆఫ్రికా చెక్క మాస్క్ తేవడం లేదు. సోఫా పైన గోడకి మేకు కూడా కొట్టించి ఎదురుచూస్తున్నావని మీ నాన్న చెప్పారు. ఆ మేకుకి తగిలించడానికి వేరే వస్తువు తెస్తున్నాను. అది చూసి "ఇదేంటమ్మా, పళ్ళెమా?" అని నువ్వు అనకముందే కథంతా చెప్పాలి. "మాస్క్ దొరికిందా?" అని వాట్సాప్‌లో నాలుగుసార్లు అడిగావు. నాలుగుసార్లూ బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకున్నాను. అబద్ధమేం కాదు, దొరికింది. కొన్నాను కూడా. ఆ తర్వాత జరిగింది మాత్రం ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పేది కాదు. రేపు మధ్యాహ్నం ఫ్లైటు. సూట్‌కేసు సర్దేశాను, నిద్ర రావడం లేదు, గెస్ట్‌హౌస్ వాళ్ళ దగ్గర కాగితాలు అడిగి తెచ్చుకున్నాను. బెజవాడ చేరాక ఈ ఉత్తరాన్ని కూడా పార్సిల్లోనే పెట్టి పుణెకి పంపిస్తాను. పొట్లాలు విప్పే ముందు ఇది చదువు.

పని గురించి కాస్త. మన ట్రస్టు వాళ్ళు పంపిన నలుగురు లెక్కల టీచర్లం, ఇక్కడి ఊరిబయట నల్లజాతి వాళ్ళుండే టౌన్‌షిప్‌లో ఉన్న ఒక స్కూల్లో రెండు వారాలు వర్క్‌షాప్ నడిపాం. వచ్చిన వాళ్ళంతా చుట్టుపక్కల హైస్కూళ్ళ టీచర్లే. మధ్యమధ్యలో పిల్లలకి కూడా క్లాసులు చెప్పాం. క్లాసులోకి అడుగుపెట్టగానే అందరూ లేచి ఒకే గొంతుతో పలకరిస్తారు. నలభై ఏళ్ళ కిందటి మన జిల్లా పరిషత్ స్కూలు గుర్తొచ్చింది. ఇక్కడ పదో తరగతి నుంచి లెక్కల్లో ముఖ్యంగా రెండు దారులుంటాయి. ఒకటి మనం చెప్పే లెక్కలే. రెండోదాన్ని మేథమెటికల్ లిటరసీ అంటారు, అంటే జీతం, వడ్డీ, కరెంటు బిల్లు, మ్యాపు చూసి దూరం కట్టడం లాంటి సంసారపు లెక్కలు. ఏదో ఒక రకం లెక్కలు తీసుకోకుండా పన్నెండో తరగతి దాటడం కుదరదు. నువ్వు బైపీసీ తీసుకుని లెక్కల పీడ వదిలిందని స్వీట్లు పంచావు చూడు, ఆ భాగ్యం ఇక్కడి పిల్లలకి లేదు.

ఇక మాస్క్.

వచ్చిన రెండో రోజు సాయంత్రం అందరం సముద్రం ఒడ్డుకి వెళ్ళాం. గోల్డెన్ మైల్ అంటారు. పొడుగ్గా నడిచే దారి, ఒక పక్క అలలు, ఇంకో పక్క హోటళ్ళు. దారి పొడవునా గుడ్డలు పరుచుకుని చెక్క జిరాఫీలు, పూసల దండలు, రాతి నీటిగుర్రాలు అమ్ముతుంటారు. అక్కడ ఒకతని దగ్గర కనిపించింది నీ మాస్క్. నువ్వు ఫొటో పంపావు కదా, అచ్చం అదే. పొడుగు ముఖం, సగం మూసిన కళ్ళు, నుదుటి మీద గాట్లు. 700 రాండ్లన్నాడు. రాండు మన డబ్బుల్లో అయిదు రూపాయలకి కాస్త అటూ ఇటూ. బీసెంట్ రోడ్డులో ముప్ఫయ్యేళ్ళు బేరాలాడిన నోరు ఊరుకుంటుందా? రెండుసార్లు వెళ్ళిపోతున్నట్టు నడిచి, 450కి తెచ్చాను. రాత్రంతా నాకు నేనే శభాష్ చెప్పుకున్నాను.

మర్నాడు గొప్పగా స్టాఫ్ రూముకి పట్టుకెళ్ళాను. నాతో కలిసి వర్క్‌షాప్ నడిపే జూలూ మేడమ్ ఒకావిడ ఉంది, జూలూలంటే ఈ ప్రాంతపు జాతి వాళ్ళు, నా ఈడుదే, నవ్వితే గది మొత్తం నవ్వుతుంది. దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, "ఎవరీయన?" అంది. మీ వాళ్ళదే కదా అన్నాను. "మా ఇళ్ళల్లో ఇలాంటివి ఉండవు. దీన్ని గోడకి పెడితే మా అమ్మ నన్నూ దీన్నీ కలిపి బయటికి గెంటుతుంది" అంది. అప్పుడు చెప్పింది అసలు సంగతి. ఇలా ముఖాలు చెక్కే అలవాటు కాంగో, గాబన్, కామెరూన్ లాంటి చోట్ల ఎక్కువ. అక్కడ జాతర్లలో, పెద్దకర్మల్లో కట్టుకుని ఆడతారు. జూలూల చేతిపని బుట్టలు, పూసలు, కుండలు, చెక్క తలగడలు. "కొనుక్కో, తప్పేం లేదు. జూలూ మాస్క్ అని మాత్రం మీ అమ్మాయికి చెప్పకు" అంది. ఎవరో హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో కథాకళి ముఖం కొనుక్కెళ్ళి, ఇది తెలుగువాళ్ళదని గోడకి పెట్టుకుంటే ఎలా ఉంటుంది? నేను చేసిందీ అదే.

అయినా నీ ముచ్చట తీర్చాలని ఉంచేద్దామనుకున్నాను. ఎక్కడిదైతేనేం, అందంగా ఉంది కదా అని. తెల్లారి లేచి చూస్తే, దాన్ని పడుకోబెట్టిన దుప్పటి మీద శనగపిండి చల్లినట్టు పసుపుపచ్చ పొడి. వెనక్కి తిప్పి వేలితో తడితే ఇంకాస్త రాలింది. గడ్డం లోపలివైపు గుండుసూది మొన పట్టేంత కన్నాలు, ఏడో ఎనిమిదో. పుచ్చు! మీ తాతయ్య పందిరిమంచం ఏమైందో గుర్తుందా? అది నీ కొత్త సోఫా పక్కన గోడకి వేలాడుతుంటే ఏమవుతుందో తలుచుకుని నాకు చెమటలు పట్టాయి. అక్కడిదాకా ఎందుకు, ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్ళు పెట్టె తెరిచినప్పుడు పొడి రాలితే? టెన్షన్ నేను పడలేను.

సాయంత్రం మళ్ళీ అతని దగ్గరికే వెళ్ళాను. పోట్లాడాలనే వెళ్ళాను. ఇది జూలూలది కాదట కదా అంటే అతను కొంచెం కూడా తడుముకోలేదు. "అవును మామా, ఇది మా కాంగోది. నేనూ అక్కడివాణ్ణే. మీరు ధర అడిగారు, ఊరు అడగలేదు" అన్నాడు. ఇక్కడ మామా అంటే అమ్మ అని, కంగారు పడకు. దానికి నా దగ్గర జవాబు లేదు, నిజంగానే అడగలేదు. కన్నాలు చూపించినప్పుడు మాత్రం చిన్నబుచ్చుకున్నాడు. ప్లాస్టిక్ సంచిలో బిగించి కొన్నాళ్ళు ఫ్రీజర్‌లో పెడితే పురుగు చచ్చిపోతుందట, తనే ఆ పని చేసి ఇంకెవరికైనా అమ్ముకుంటానని 250 తిరిగిచ్చాడు. మిగతా 200 రాండ్లూ ట్యూషన్ ఫీజు అనుకున్నాను. అప్పటినించీ ఏ కొట్టు ముందు నిలబడినా ఎంత అని అడగడానికి ముందు ఎక్కడిది, ఎవరు చేశారు అని అడగడం మొదలుపెట్టాను. సగం మంది మొహం చిట్లించేవాళ్ళు. మిగతా సగం మంది స్టూలు వేసి కూర్చోబెట్టేవాళ్ళు.

ఇప్పుడు పెద్ద పొట్లం సంగతి. పాత చీరలో చుట్టాను, చీర చిరిగినా ఫరవాలేదు. అదొక బుట్ట. మూత లేదు, కుండలా పొట్ట ఉబ్బి ఉంటుంది. దాని పేరు ఉఖాంబ.

ఆగస్టు 9 ఇక్కడ మహిళా దినం, సెలవు. 1956లో అదే రోజున దాదాపు 20,000 మంది ఆడవాళ్ళు ప్రిటోరియాలో ప్రభుత్వ భవనాల దాకా నడిచి వెళ్ళారట, నల్లజాతి ఆడవాళ్ళు కూడా వెంట అనుమతి పాసులు పెట్టుకు తిరగాలన్న చట్టం మాకొద్దని. ఆ సెలవుకి మేడమ్ వాళ్ళ పిన్ని ఊరికి నన్ను తీసుకెళ్ళింది, హ్లాబీస అనే వైపు. డర్బన్ నుంచి ఉత్తరానికి కారులో మూడున్నర గంటలు. దారికి రెండు పక్కలా చెరకే చెరకు. ఉయ్యూరు వెళ్తున్నానేమో అనిపించింది. ఆ చెరకు నరకడానికే మనవాళ్ళని ఇక్కడికి తెచ్చారు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి వచ్చి డర్బన్‌లో మొదటి కూలీలని దింపింది. 1911లో ఆపేదాకా లక్షన్నర మందికి పైగా వచ్చారు, అయిదేళ్ళ ఒప్పందం మీద వేలిముద్రలు వేసి. వాళ్ళలో తెలుగువాళ్ళు బోలెడుమంది. ఇక్కడ షాపుల బోర్డుల మీద నాయుడు అనే పేరు కనిపిస్తుంది, ఇంగ్లీషులో చివర రెండు సున్నాలు చుట్టి రాస్తారు.

దారిలో అడవి కూడా చూశాం, హ్లుహ్లువే పార్కు. 1895 నుంచి ఉందట. ఖడ్గమృగం వీపు ఫొటో పంపితే రాయి అనుకున్నావు కదా, ఆ అడవే. దాని గురించి ఇంక రాయను, నువ్వు నవ్విన నవ్వు చాలు.

పిన్నిగారికి డెబ్భై దాటుంటాయి. వేపచెట్టు లాంటి ఒక చెట్టు కింద చాప మీద కాళ్ళు చాపుకుని కూర్చుని అల్లుతోంది. ఇలాలా అనే తాటిజాతి చెట్టు ఆకుతో అల్లుతారు. ఆకు మన తాటాకులాగే విసనకర్రలా విచ్చుకుంటుంది కానీ సన్నగా, మెత్తగా ఉంటుంది. ఎండబెట్టి, చీల్చి, వేర్లతోనూ బెరళ్ళతోనూ ఆకులతోనూ కలిపి ఉడకబెడితే గోధుమరంగు, నలుపు, ఒక రకం వంగపండు రంగు వస్తాయి. గడ్డిని చిటికెనవేలి మందాన కట్టగా చేసి పాము చుట్టలా తిప్పుకుంటూ వస్తుంది. దాని మీద ఆకు చీలికని బిగించి చుట్టి, దబ్బనంతో కింది వరసలో పొడిచి, ఆ కన్నంలోంచి చీలికని దూర్చి, పంటితో పట్టి లాగుతుంది. లాగిన ప్రతిసారీ కిర్రుమని చిన్న చప్పుడు. పక్కన మగ్గులో నీళ్ళు, చీలికలు అందులో నానుతూ. పావుగంట చూశాను, బొటనవేలంత మేర అయింది.

ఈ బుట్టలో జొన్నలతో కాచిన బీరు పోస్తారు, బుజ్జీ. నమ్మలేదు నేను. పిన్నిగారు లేచి పాత బుట్ట ఒకటి తెచ్చి నీళ్ళు పోసింది. అడుగున నాలుగైదు చుక్కలు కారాయి, అంతే, ఆగిపోయింది. ఆకు తడికి ఉబ్బి సందులన్నీ మూసుకుపోతాయి. నువ్వు మాత్రం నీళ్ళు పొయ్యకు, నీ చేతిలో ఏదీ ఆరదు.

నేను అసలు చెప్పాలనుకున్నది ఇక్కడుంది. బుట్ట పొట్ట మీద వజ్రాల్లాంటి గళ్ళు చుట్టూ ఆరు ఉన్నాయి చూడు. త్రికోణమైతే మగ, రెండు త్రికోణాలు కలిసి వజ్రమైతే ఆడ అని చెబుతారు. ఆరూ ఒకే కొలతలో ఎలా వచ్చాయి? కింద గీసిన బొమ్మ లేదు, టేపు లేదు. లెక్కపెట్టుకుంటారా అని మేడమ్ చేత అడిగించాను. పిన్నిగారు నన్ను జాలిగా చూసి, పొడుగాటి ఆకు చీలిక ఒకటి తీసి బుట్ట నడుము చుట్టూ తిప్పి, కలిసిన చోట కొరికేసింది. ఆ ముక్కని మూడు మడతలు పెట్టింది. దాన్ని మళ్ళీ సగానికి మడిచింది. విప్పి బుట్ట చుట్టూ పెడితే ఆరు ఆనవాళ్ళు! ఆనవాలు ఉన్న చోటల్లా ఒక ముల్లు గుచ్చింది. అయిపోయింది. వృత్తాన్ని ఆరు సమభాగాలు చెయ్యడానికి నేను ఇరవయ్యెనిమిదేళ్ళుగా వృత్తలేఖిని పట్టిస్తున్నాను. వెనక బెంచీల వాళ్ళ వృత్తలేఖిని ఎప్పుడూ జారుతుంది, ఆరో గీత మొదటిదాన్ని ఎప్పుడూ కలవదు. ఒక కాగితం ముక్కని మడతపెట్టమని చెప్పాలని నాకు ఒక్కసారీ తోచలేదు.

ధర 1,800 రాండ్లు. నెలన్నర పనట. బేరమాడలేదని గొప్పలు పోవడం లేదు, అలవాటుగా నోరు తెరిచాను. మేడమ్ నా కాలు తొక్కింది.

సోమవారం వర్క్‌షాప్‌లో తీసుకున్న పాఠం ఇదే. వచ్చిన టీచర్లందరికీ కాగితపు పట్టీలు, ప్లాస్టిక్ డబ్బాలు ఇచ్చి అయిదు భాగాలు చెయ్యమన్నాను. ఆరంటే మడతే, మరి అయిదుకి ఏం చేస్తారు? గదిలో ముప్పావుగంట గోల. ఆ ఊపులో బోర్డు మీద చుక్కలు పెట్టి మెలికల ముగ్గు వేశాను. వెనకాల ఒకాయన లేచి, ఇది అంగోలాలో ఇసక మీద వేసే సోనా కదా అన్నాడు. చోక్వే అనే జాతి వాళ్ళు వేస్తారట. అచ్చం మన చుక్కల ముగ్గే. కాకపోతే అక్కడ మగవాళ్ళు వేస్తారు, కథ చెబుతూ, ఇసక మీద, వేలితో. మీ నాన్న చెవిన వెయ్యి ఈ మాట. మొజాంబిక్‌లో పనిచేసిన పౌలుస్ గెర్డెస్ అనే లెక్కల ప్రొఫెసరు ఈ ముగ్గుల మీదే ఏళ్ళ తరబడి పనిచేశాడు. 2014లో పోయాడు. ఆయన చూపించిన సూత్రం ఒకటి ఎంత ముచ్చటగా ఉందో విను. చాప అల్లికలా ఏటవాలుగా వెళ్ళి అంచు దగ్గర వెనక్కి తిరిగే ముగ్గుల్లో, అడ్డంగా ఎన్ని చుక్కలు, నిలువుగా ఎన్ని చుక్కలు అని చూసి ఆ రెంటికీ గసాభా, అంటే రెంటినీ భాగించే అతి పెద్ద సంఖ్య, కడితే ముగ్గు మొత్తం ఎన్ని గీతల్లో పూర్తవుతుందో తెలిసిపోతుంది. మూడు వరసలు, నాలుగు చుక్కలైతే గసాభా ఒకటి, చెయ్యి ఎత్తకుండా ఒకే గీత. నాలుగు, ఆరు అయితే రెండు గీతలు. అయిదు, అయిదు అయితే అయిదు. కాగితం మీద వేసి చూడు, వస్తుంది. సంక్రాంతికి వాకిట్లో నేను ముగ్గేస్తుంటే మీ నాయనమ్మ వెనకాల నిలబడి "గీత మధ్యలో తెగిందే" అని సణిగేది. అప్పుడే తెలిసుంటే "అత్తయ్యా, నా తప్పు కాదు, గసాభా రెండొచ్చింది" అని చెప్పేదాన్ని.

ఇప్పుడు నీ మేకు. గుండ్రంగా, పళ్ళెంలా ఉండే పొట్లం విప్పు. రంగురంగులుగా మెరిసిపోతోంది కదా, అది టెలిఫోన్ తీగ. ఎర్ర, నీలం, ఆకుపచ్చ తొడుగులుండే సన్న తీగలు పాత టెలిఫోన్ డబ్బాల్లో కుచ్చుల్లా ఉండేవి, చూశావో లేదో. డర్బన్‌లో రాత్రిళ్ళు ఫ్యాక్టరీల దగ్గర కాపలా కాసే జూలూ వాచ్‌మెన్లు నిద్ర ఆపుకోవడానికి, పారేసిన తీగ ముక్కలు ఏరి చేతికర్రల పిడికి చుట్టుకునేవాళ్ళు. అన్నీ పారేసినవే కావులే, కొన్ని కోసుకొచ్చినవి కూడా ఉంటాయి. ఊళ్ళో బీరు కుండల మీద మూతగా గడ్డితో అల్లే చిన్న గిన్నె ఒకటుంటుంది, ఇంబెంగే అని. కొందరు ఆ అల్లికని ఈ తీగతో పట్టారు. ఎలియట్ ఎంఖీజే అనే వాచ్‌మెన్ పేరు ఇక్కడ అల్లేవాళ్ళందరూ చెబుతారు. ఇప్పుడు వీళ్ళ కోసమే రంగు తీగ తయారుచేసి అమ్ముతున్నారు, దొంగతనం అక్కర్లేదు. బుట్టలు ఎక్కువ ఆడవాళ్ళ పని, ఈ తీగపని మాత్రం మగవాళ్ళతో మొదలైంది.

నీ పళ్ళెం అల్లినతని ముందే కూర్చుని కొన్నాను. ఊరు అడిగాను, చెప్పాడు. ఎవరు చేశారని అడిగితే రెండు అరచేతులూ చూపించాడు, వేళ్ళ నిండా సన్న సన్న కోతలు. నడిమధ్యలో మొదలైన పన్నెండు తెల్ల చారలు సుడిగుండంలా తిరుగుతూ అంచుదాకా వెళ్తాయి. ఒక్కో చారకి రెండు పక్కలా నీలం ముదురు నుంచి లేతకి దిగుతుంది. దగ్గర పెట్టుకుని చూడు, ఒక చోట, అంచుకి రెండు వేళ్ళ లోపల, తెల్లచార ఒక తీగ మందం పక్కకి జరిగింది. నాకు ఎనిమిదో రోజున కనిపించింది. వెనక తగిలించుకోవడానికి ఉంగరంలా వంచి ఇచ్చాడు. పురుగు పట్టదు, తడిగుడ్డతో తుడుచుకోవచ్చు. 650 రాండ్లు.

నీలం గుడ్డ మీ పిన్నికి అయిదు మీటర్లు, నీకు మూడు. షువేషువే అంటారు. కట్ట విప్పగానే గంజి వాసన గుప్పుమంటుంది, బట్ట అట్టలా ఉంటుంది, చెడిపోయిందని అనుకోకు. పూర్వం ఓడల్లో నెలల తరబడి వచ్చేటప్పుడు పాడవకుండా అలా గంజి పెట్టేవాళ్ళు, ఇప్పుడు ఈ దేశంలోనే తయారవుతున్నా ఆ గంజి లేకపోతే జనం కొనరట. ఉతికితే మెత్తబడుతుంది, కాస్త ముడుచుకుంటుంది కూడా, అందుకే కుట్టించే ముందు తడుపు. పక్క దేశం లెసోతో రాజు మొషువేషువేకి ఫ్రెంచి మిషనరీలు ఈ నీలిగుడ్డ కానుకగా ఇస్తే, ఆయన పేరు మీదే షువేషువే అయిందని చెబుతారు. నేను పెడన ఆడపడుచుని, బ్లాకు అచ్చుకీ స్క్రీన్ అచ్చుకీ తేడా చీకట్లో చెప్పమన్నా చెబుతాను. ఇక్కడా నకిలీలున్నాయి. కొట్టామె నాకొక పరీక్ష నేర్పింది: అంచు నాలికకి తగిలించి చూడు, అసలుదైతే ఉప్పగా ఉంటుంది. చూశాను. ఉప్పగానే ఉంది. నాతో వచ్చిన సైన్సు మేడమ్‌కి మాత్రం ఇది చెప్పలేదు. అసలుదాని వెనకవైపు మూడు పిల్లుల ముద్ర ఉంటుంది, నీ మూడు మీటర్లలో ఎక్కడుందో వెతుక్కో.

విక్టోరియా స్ట్రీట్ మార్కెట్టు గురించి ఒక్క మాట. పాత మార్కెట్టు 1973లో తగలబడిపోయిందట, ఇప్పుడున్నది తర్వాత కట్టింది. లోపల అడుగుపెడితే మసాలా వాసనకి తుమ్ములే తుమ్ములు. కారాలు కుప్పలుగా పోసి పేర్లు రాసి పెడతారు. వాటిలో ఒకదాని పేరు మదరిన్‌లా ఎక్స్‌టర్మినేటర్, అత్తగార్ని మట్టుబెట్టే కారమని! అక్కడే నిలబడి కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాను, కారానికో నవ్వుకో. వంద గ్రాములు కొన్నాను. గుంటూరు ముందు ఏ మూలకీ రాదు.

ఆ కొట్లోనే ఒక పెద్దావిడ నా తాళి, నల్లపూసలు చూసి పలకరించింది. ఇంగ్లీషులోనే. వాళ్ళ ముత్తాత తెలుగువాడట, ఏ ఊరో తెలియదు. తెలుగు రాదు. కానీ చేతిసంచిలోంచి చిన్న నోట్‌బుక్ తీసి చూపించింది, రామభజన పాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నవి. ఇక్కడ ఆంధ్ర మహాసభ 1931 నుంచి ఉంది, వాళ్ళ దగ్గర నేర్చుకుందట. ఒక చరణం పాడి, ఇందులో ఈ మాటకి అర్థమేంటి అని అడిగింది. "ఏలుకోవయ్యా" అని ఉంది. దాన్ని ఇంగ్లీషులో ఎలా చెప్పాలో నాకు తోచలేదు. కాపాడు అని చెప్పాను. సరిపోలేదని నాకూ తెలుసు, ఆవిడకీ తెలిసినట్టుంది.

పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషన్ చూశాను, గాంధీగారిని రైల్లోంచి దింపేసిన చోటు, ఫొటో దిగాను. ఆ కథ నీకు ఆరో తరగతిలో నేనే బట్టీ పట్టించాను కాబట్టి మళ్ళీ రాయడం లేదు. బన్నీ చావ్ కూడా తిన్నాను, బ్రెడ్డు లోపలంతా తోడేసి అందులో కూర పోసి ఇస్తారు. బీన్స్‌ది బావుంది. చేతులు కడుక్కోవడానికి మాత్రం చెరువు కావాలి.

చివరికి చిన్న పొట్లం, అగ్గిపెట్టెంత. దాన్ని నలుగురి ముందు విప్పకు. అది పూసలతో చేసిన ఉత్తరం. పూర్వం జూలూ ఆడపిల్లలు తమకి నచ్చిన అబ్బాయికి ఇలాంటిది అల్లి ఇచ్చేవాళ్ళు, ఆ అబ్బాయి మెళ్ళో వేసుకుని తిరిగేవాడు. ఏ రంగు పక్కన ఏ రంగు అనేదాంట్లో మాట ఉంటుంది. తెలుపంటే ప్రేమ. మిగతా రంగుల అర్థం ఊరికొక రకంగా మారుతుందట, అందుకే అమ్మినామె చెప్పింది చెప్పినట్టు వెనక చీటీ మీద రాసి అంటించాను. ఉత్తరాన్ని వీళ్ళ భాషలో ఇన్‌క్వాది అంటారు. నేను రాసినట్టు పలికితే తప్పు. మధ్యలో "క్వ" దగ్గర, మనం జాలిపడేటప్పుడు "ప్చ్" అంటాం చూడు, నాలిక పళ్ళకి ఆనించి లాగే చప్పుడు, అది రావాలి. ఈ భాషలో అలాంటి చప్పుళ్ళు మూడున్నాయి. రెండోది సీసా బిరడా తీసినట్టు, మూడోది మా నాన్న బండెద్దుల్ని అదిలించినట్టు. మేడమ్ వారం రోజులు నేర్పింది. నేను ప్రతి మాటకీ "ప్చ్" అంటుంటే, ఎవరో పోయినట్టు అంత విచారం ఎందుకు అంది.

ఈ పూసల ఉత్తరానికి ఇంకో పేరుంది: ఉబాలా అబూయిసే. రాసేది జవాబు కోసం, అని అర్థమట. అమ్మినామె దాన్ని నా అరచేతిలో పెట్టి, ఎవరికి అని అడిగింది. మా అమ్మాయికి అన్నాను. ఆడపిల్లకి తల్లి ఇవ్వడం ఎక్కడా లేదని నవ్వింది. ఫోన్ చేస్తే మీటింగ్‌లో ఉన్నానంటుంది, మెసేజ్ పెడితే రెండు రోజులకి చూస్తుంది, అందుకని అన్నాను. అయితే ఇంకో ఎర్రపూసల వరస కట్టించుకో అంది. కట్టించాను, దాని అర్థం చీటీలో ఉంది.

జవాబు రాయి. కాగితం మీద. బొటనవేలు బొమ్మ నా దగ్గర పనికిరాదు, నేనూ ఇంక పెట్టను.

మీ అమ్మ

తా.క. కారం పొట్లం నా డబ్బాలోనే ఉంచుకున్నాను. నీకు పంపితే మీ అత్తగారు పొట్లం మీద పేరు చదువుతారు, ఆవిడకి ఇంగ్లీషు వచ్చు.